ఓడినవాడి లెక్కలు

2021 ఫిబ్రవరి 9న, పంచాయతీ ఎన్నికల తొలి విడతలో, కావలి డివిజన్‌లోని మా ఊళ్లో వార్డు సభ్యుడిగా పోటీచేసి పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయాను. మధ్యాహ్నం మూడున్నరకు పోలింగ్ ముగిసింది, రాత్రి భోజనాల వేళకు నా సంగతి తేలిపోయింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా ఖర్చుల లెక్క ఎంపీడీవోకు అప్పగించాలట. గెలిచినా ఓడినా ఒకటే. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే రాష్ట్ర ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హుడిగా ప్రకటిస్తుంది. మళ్లీ నిలబడతానో లేదో గానీ, బద్ధకంతో ఆ హక్కు పోగొట్టుకోవడం నాకు నచ్చలేదు.

పదివేలలోపు జనాభా ఉన్న పంచాయతీలో వార్డు అభ్యర్థి 30,000 రూపాయల వరకు ఖర్చుపెట్టవచ్చు. నాకు అయింది 6,650. కరపత్రాలకు 900, ఫ్లెక్సీకి 600, మైకు కట్టిన ఆటోకు 3,000. మిగతాదంతా టీలు, ఇడ్లీలు. చిక్కంతా ఆ ఇడ్లీల దగ్గరే వచ్చింది. మా టీకొట్టు బాబాయి జన్మలో ఎవరికీ బిల్లు రాసిచ్చిన పాపాన పోలేదు. "నా మాట మీద నమ్మకం లేదా అబ్బాయ్?" అని నొచ్చుకున్నాడు. చివరికి ఆయన మనవరాలి నోటుపుస్తకంలో కాగితం చింపి, తారీఖులవారీగా ఆ పిల్లచేతే రాయించి, ఆయనచేత సంతకం పెట్టించాను.

మండల కార్యాలయానికి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి సీట్లో మనిషి లేడు. రెండోసారి, "ఓడిపోయారు కదండీ, ఇంకా లెక్కలెందుకు?" అని జాలిపడ్డాడు. మూడోసారి కాగితాలు తిరగేసి, "ఆరువేలేనా? ఎవరైనా నమ్ముతారా?" అన్నాడు. ఎక్కువ ఖర్చుపెట్టినవాణ్ణి నిలదీయడం విన్నాను గానీ, తక్కువైందని అనుమానించడం అదే చూడటం. అందినట్లు ముద్రవేసి, తేదీతో సంతకం పెట్టిస్తేగానీ కదలనని కూర్చున్నాను. ఇంకు ప్యాడ్ ఎండిపోయిందన్నాడు. నా సీసాలోని నీళ్లు నాలుగు చుక్కలు చిలకరించాను.

గడువుకు రెండు రోజుల ముందు, నా మీద గెలిచినాయన కొడుకు ఇంటికి వచ్చాడు.

"అన్నా, ఆ లెక్కల కాగితం ఎలా నింపారో కాస్త చూపిస్తారా?"

కూర్చోబెట్టి, మీకు మొత్తం ఎంతయిందని అడిగాను.

"మీరెంత రాశారో దానికి కాస్త అటూ ఇటూగా వేసెయ్యండన్నా" అన్నాడు.