పదహారున్నర డిగ్రీల మౌంట్‌కి మోటార్లు

ఆరు అంగుళాల అద్దం, 900 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్, పీవీసీ పైపుతో చేసిన గొట్టం. విజయవాడ పటమటలో మా డాబా మీదున్న టెలిస్కోప్ ఇది. 6 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెడితే 150 రెట్లు పెద్దగా చూపిస్తుంది. చూపించేది ఎంతసేపు? ఆకాశం గంటకి 15 డిగ్రీలు జరిగిపోతుంటుంది కాబట్టి ఆ ఐపీస్‌లో శనిగ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకి 80 సెకన్లలో వెళ్లిపోతుంది. పిల్లల్ని స్టూలెక్కించి, కన్ను పెట్టించి, "కనిపించిందా?" అని అడిగేసరికి గ్రహం బయటికి పోయేది. మళ్లీ వాళ్లని దించి, నేను వెతికి పెట్టాలి. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడల్లా ఇదే తంతు.

ఆకాశంతో పాటే గొట్టాన్ని తిప్పే మోటారు ఉంటే ఈ బాధ ఉండదు. మోటారు కొనడం తేలిక. దాన్ని బిగించడానికి తగిన మౌంట్, అంటే గొట్టాన్ని మోసి తిప్పే స్టాండు, ఉండటమే కష్టం. పైకీ కిందికీ, పక్కకీ తిరిగే మామూలు మౌంట్‌కి రెండు మోటార్లు కావాలి. వాటి వేగం క్షణక్షణం మారుతూ ఉండాలి. పైగా ఫొటో తీస్తే బొమ్మ గిర్రున తిరుగుతుంది. అదే ఒక ఇరుసుని భూమి ఇరుసుకి సమాంతరంగా పెడితే, ఒక్క మోటారు ఒకే వేగంతో తిరిగితే చాలు. దీన్ని ఈక్వటోరియల్ మౌంట్ అంటారు.

చిక్కేమిటంటే, ఇంటర్నెట్‌లో దొరికే డ్రాయింగులు ఎక్కువగా అమెరికా, యూరప్ వాళ్లవి. వాళ్ల అక్షాంశం 40, 50 డిగ్రీలు. మనది పదహారున్నర. అంటే మన ఇరుసు దాదాపు పడుకున్నట్టు ఉంటుంది. వాళ్లు ఎక్కువగా వాడే జర్మన్ రకం మౌంట్‌ని ఇక్కడికి వంచితే, బరువు సమం చేసే రాడ్డు వెళ్లి స్టాండు కాలికి తగులుతుంది. అందుకని ఇరుసుని రెండు చివరలా రెండు స్తంభాల మీద మోయించే ఇంగ్లిష్ రకానికి వెళ్లాను. తమిళనాడు కావలూరులో 2.34 మీటర్ల వేణు బప్పు టెలిస్కోప్ ఉంది కదా, దాని ఇరుసుకీ రెండు వైపులా ఆధారం ఉంటుంది. భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్న చోట్లకి నప్పేది ఆ పద్ధతే. నా ఇరుసు పొడవు ఒక మీటరు కాబట్టి ఉత్తరం వైపు స్తంభం దక్షిణం దానికన్నా 28 సెంటీమీటర్లు ఎత్తు రావాలి. లెక్క అంతే. ఇనుప యాంగిల్స్‌తో ఫ్రేము కొట్టించాం.

ఇక లారీల పనులు చేసే షాపులుండే ఆటోనగర్. ఈ ఊళ్లో ఉన్నందుకు నాకు కలిసొచ్చింది ఇదే. రెండున్నర అంగుళాల ఇనుప పైపుకి రెండు చివరలా 25 మిల్లీమీటర్ల స్టబ్‌లు (పొట్టి కడ్డీ ముక్కలు) పెట్టి, ప్లమ్మర్ బ్లాక్ బేరింగుల్లో కూర్చోబెట్టాలని కాగితం మీద గీసుకెళ్లాను. లేత్ షాపు బాబాయ్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"శాంపిల్ తెచ్చారాండీ?"

"శాంపిల్ లేదు బాబాయ్, డ్రాయింగే."

"ఏ బండిదండీ ఇది?"

బండిది కాదు, చుక్కల్ని చూసేదని చెబితే నవ్వాడు గానీ, పని మాత్రం వెంటనే పట్టుకున్నాడు. "ప్రొపెల్లర్ షాఫ్ట్ లాంటిదే కదండీ, ముందు వెల్డింగ్ కొట్టేసి ఆ తర్వాత టర్నింగ్ చేద్దాం" అన్నాడు. స్టబ్‌లని విడిగా తిప్పి తర్వాత వెల్డింగ్ చేస్తే ఆ వేడికి ఎంతో కొంత వంకర వస్తుంది. వెల్డింగ్ అయ్యాక పైపు మొత్తాన్ని రెండు సెంటర్ల మధ్య పట్టి తిప్పితే రెండు చివరలూ ఒకే గీత మీద ఉంటాయి. లారీ షాఫ్టులతో ఏళ్ల తరబడి పనిచేసిన చెయ్యి అది.

ఆ ఇరుసు కింది చివర బిగించే వార్మ్ వీల్ కూడా అక్కడే కోయించాను. గన్‌మెటల్ చక్రం, 144 పళ్లు. మర చుట్లున్న వార్మ్ అనే కడ్డీ ఒక చుట్టు తిరిగితే ఇది ఒక పన్ను జరుగుతుంది. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు. త్రీడీ ప్రింటర్లలో వాడే నెమా 17 స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకి 200 స్టెప్పులు వేస్తుంది. మోటారుకి 20 పళ్ల పుల్లీ, వార్మ్‌కి 60 పళ్ల పుల్లీ పెట్టి బెల్టు వేస్తే మూడు రెట్లు తగ్గింపు. 200ని 3తో, 144తో గుణిస్తే 86,400. రోజుకి ఎన్ని సెకన్లో అన్ని స్టెప్పులు! సెకనుకి ఒక్క స్టెప్పు వేస్తే సూర్యుడి వెంట పోతుంది. నక్షత్రాలు మాత్రం 86,164 సెకన్లకే ఒక చుట్టు పూర్తి చేస్తాయి కాబట్టి వాటికి కొంచెం వేగం పెంచాలి. గేర్లు కోసే ఆయనకి కూడా 144 ఇష్టమైన అంకే. చక్రాన్ని సమాన భాగాలుగా తిప్పే డివైడింగ్ హెడ్ హ్యాండిల్ 40 చుట్లు తిప్పితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 40ని 144తో భాగిస్తే పద్దెనిమిదింట ఐదు. 18 రంధ్రాల వరసలో ఐదేసి రంధ్రాలు జరుపుకుంటూ పోవడమే.

బెల్టు వేసే ముందు ఒక పని చేసి తీరాలి. వార్మ్‌ని విడదీసి, గొట్టానికి కెమెరా, ఫైండర్ (గురి చూసే చిన్న దుర్భిణి) అన్నీ తగిలించి, ఇరుసుని ఒక్క వేలితో నెట్టి చూడాలి. ఎక్కడ వదిలితే అక్కడే ఆగాలి. ఆగలేదంటే బరువు సమం కాలేదని అర్థం. ఆ తేడాని మోటారుతో లాగిద్దామనుకుంటే స్టెప్పులు తప్పుతాయి, వార్మ్ అరుగుతుంది. నేను చూసినంతలో ట్రాకింగ్ సరిగ్గా రాని మౌంట్లలో ఎక్కువ వాటికి జబ్బు ఇక్కడే ఉంటుంది. నెపం మాత్రం ఎలక్ట్రానిక్స్ మీద పడుతుంది.

ఆ ఎలక్ట్రానిక్స్ సంగతి త్వరగా తేలిపోయింది. ఈఎస్‌పీ32 అనే బుల్లి కంప్యూటర్ బోర్డు, అందులో ఉచితంగా దొరికే ఆన్‌స్టెప్ సాఫ్ట్‌వేర్, మోటారుకి కరెంటు పంపే టీఎంసీ2209 డ్రైవరు, యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల బ్యాటరీ. సెకనుకి ఒక్క పూర్తి స్టెప్పు వేస్తే ప్రతి సెకనూ బొమ్మ 15 ఆర్క్ సెకన్లు గెంతుతుంది (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). అందుకే ఒక్కో స్టెప్పుని 16 ముక్కలు చేయాలి. అప్పుడు గెంతు ఒక ఆర్క్ సెకను లోపుకి వస్తుంది. పాత ఏ4988 డ్రైవర్లు చవకే గానీ అర్ధరాత్రి డాబా మీద కీచుమంటాయి. 2209 నోరెత్తదు. మోటారు బ్రాకెట్ మాత్రం త్రీడీ ప్రింట్ చేయించకండి. ఆ ప్రింటర్లలో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో బెజవాడ డాబా, పైన టార్పాలిన్, కింద వేడెక్కిన మోటారు. ఇక చెప్పేదేముంది! అల్యూమినియం యాంగిల్ ముక్క చాలు.

తర్వాత ఇరుసుని సరిగ్గా ఉత్తరానికి తిప్పాలి. ధ్రువ నక్షత్రం మనకి పదహారున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. మా ఇంటికి ఆ వైపున అపార్ట్‌మెంట్లున్నాయి. అవి లేకపోయినా అంత కిందన మసకే. అందుకని సంక్రాంతి రోజు మధ్యాహ్నం సూర్యుడితో పని కానిచ్చాను. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. విజయవాడ దానికి పడమరగా 80.65 దగ్గర ఉంది, కాబట్టి ఏడు నిమిషాల పైచిలుకు ఆలస్యం. జనవరి మధ్యలో సూర్యుడే ఇంకో తొమ్మిది నిమిషాలు వెనకబడి ఉంటాడు. మొత్తానికి అసలు మిట్టమధ్యాహ్నం 12:16 ప్రాంతంలో. ఆ సమయానికి తాపీమేస్త్రీల తూకం గుండు వేలాడదీసి, దారం నీడ మీద సుద్దగీత గీశాను. ఉత్తర దక్షిణాలు దొరికాయి. చుట్టుపక్కల డాబాల మీద అందరూ గాలిపటాలు ఎగరేస్తుంటే నేను నేల మీద గీతలు గీస్తున్నానని మా ఆవిడ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. ఈ పని మే 5, ఆగస్టు 7 ప్రాంతాల్లో పెట్టుకోకండి. ఆ రోజుల్లో మనకి సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీడే పడదు.

సుద్దగీత మోటుపని. నాజూకు పని రాత్రికి. జనవరిలో పది గంటల ప్రాంతంలో ఓరియన్ రాశి నడుములోని మింటకా నక్షత్రం దక్షిణాన బాగా పైకి వస్తుంది, పైగా దాదాపు ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఉండే గీత) మీదే ఉంటుంది. మోటారు నడుస్తుండగా దాన్ని గీతలున్న ఐపీస్‌లో చూస్తూ కూర్చోవాలి. అది దక్షిణానికి జారితే ఇరుసు ఉత్తరపు కొస తూర్పుకి ఎక్కువ తిరిగిందని, ఉత్తరానికి జారితే పడమరకి తిరిగిందని అర్థం. ఆ తర్వాత తూర్పున కిందగా ఉన్న నక్షత్రాన్ని పట్టుకోవాలి. దక్షిణానికి జారితే ఆ కొస తక్కువ ఎత్తులో ఉన్నట్టు, ఉత్తరానికి అయితే ఎక్కువైనట్టు. న్యూటోనియన్‌లో, అంటే నా దానిలాంటి అద్దం టెలిస్కోప్‌లో, బొమ్మ తిరగబడి ఉంటుంది కాబట్టి ఏది దక్షిణమో తికమక పడతాం. గొట్టాన్ని రవ్వంత ఉత్తరానికి నెట్టండి, నక్షత్రం ఏ వైపుకి పోతే అదే దక్షిణం.

ఇంత చేసినా నక్షత్రం నిశ్చలంగా ఉండదు. పది నిమిషాలకోసారి తూర్పుకీ పడమరకీ ఊగుతుంది. 86,164ని 144తో భాగిస్తే 598 సెకన్లు, అంటే వార్మ్ ఒక చుట్టు తిరిగే సమయం. వార్మ్‌లో ఉన్న ఒంకర అంతా ఆ ఊపులో కనిపిస్తుంది. నా దానిలో మొదట ఆ ఊపు 40 ఆర్క్ సెకన్ల దాకా ఉండేది. వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ పూసి తిప్పమని బాబాయ్ సలహా. ఆ గరుకు రేణువులు మెత్తటి గన్‌మెటల్‌లో ఇరుక్కుని స్టీలు వార్మ్‌ని కొరుకుతూనే ఉంటాయి కాబట్టి నేను ఒప్పుకోలేదు. ఇత్తడి పాలిష్ పూసి, మోటారుతోనే గంటల తరబడి తిప్పి, కిరోసిన్‌తో కడిగి గ్రీజు పెట్టాను. ఊపు సగానికి తగ్గింది. మిగిలింది సాఫ్ట్‌వేర్ చూసుకుంటోంది.

ఇక ఫోకస్. నన్నడిగితే పెట్టిన డబ్బుకి ఎక్కువ సుఖమిచ్చింది ఇదే. 150 రెట్ల దగ్గర ఫోకస్ నాబ్ ముట్టుకుంటే చాలు, బొమ్మ కొన్ని సెకన్లపాటు వణుకుతుంది. వణుకు ఆగేలోపు అంతకుముందు ఎలా ఉందో మర్చిపోతాం. రెండు వందల రూపాయల ప్రాంతంలో దొరికే 28బీవైజే-48 అనే బుల్లి మోటారు, దాని డ్రైవరు ముక్క, ఆర్డుయినో నానో బోర్డు, రెండు బటన్లు. మోటారునీ నాబ్ ఇరుసునీ కలపడానికి బైకు పెట్రోలు పైపు ముక్క, రెండు క్లిప్పులు. ఇరుసులు కొంచెం అటూ ఇటూ అయినా రబ్బరు సర్దుకుంటుంది.

నాబ్ ఒక చుట్టు తిరిగితే ఫోకసర్ సుమారు 20 మిల్లీమీటర్లు కదులుతుంది. ఆ చుట్టుకి మోటారు వేసేది 2,048 స్టెప్పులు. అంటే స్టెప్పుకి మిల్లీమీటరులో నూరో వంతు. ఎఫ్/6 అద్దానికి (ఫోకల్ లెంగ్త్ అద్దం వెడల్పుకి ఆరు రెట్లు) ఫోకస్ సరిగ్గా ఉండే మేర మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది కాబట్టి పది స్టెప్పుల వెసులుబాటు ఉంది. మోటారు లోపలి పళ్లలో మాత్రం లూజు ఉంది. దిశ మార్చినప్పుడల్లా కొన్ని స్టెప్పులు వృథా అవుతాయి. ఫోకసర్‌ని ఎప్పుడూ ఒకే వైపుకి లాగి ఉంచేలా రబ్బరు బ్యాండు వేస్తే ఆ లూజు తెలియదు. కదలడం అయిపోగానే కాయిల్స్‌కి కరెంటు ఆపేలా ప్రోగ్రాం రాయండి, లేకపోతే మోటారు ఊరికే వేడెక్కుతుంది. గేర్లున్నాయి కాబట్టి కరెంటు లేకపోయినా ఫోకసర్ జారదు.

ఫోకస్ కుదిరిందో లేదో చూడటానికి బాటినోవ్ మాస్క్ ఉంది. పావెల్ బాటినోవ్ అనే రష్యన్ ఔత్సాహికుడు 2005లో కనిపెట్టాడు. మందపాటి అట్ట మీద వాలుగీతలు కోసి గొట్టం మూతికి పెడితే నక్షత్రం చుట్టూ మూడు కాంతిరేఖలు వస్తాయి. మధ్య రేఖ సరిగ్గా నడిమికి వచ్చేదాకా బటన్ నొక్కడమే. పీవీసీ గొట్టం చల్లబడేకొద్దీ కుంచించుకుంటుంది, అదీ అల్యూమినియం కన్నా రెట్టింపు పైగా. అందుకే రాత్రి గడిచేకొద్దీ మధ్యమధ్యలో మాస్క్ పెట్టి చూసుకుంటాను.

ఇప్పుడు నిమిషంపాటు షట్టర్ తెరిచి ఉంచినా చుక్కలు చుక్కల్లాగే ఉంటున్నాయి. ఓరియన్ నెబ్యులా చక్కగా వచ్చింది. ఏప్రిల్‌లో దక్షిణాన 26 డిగ్రీల ఎత్తుకి వచ్చే ఒమెగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం కూడా. అంతకన్నా ఎక్కువసేపు తీయాలంటే గైడింగ్ (ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంట్‌ని సరిదిద్దుతూ ఉండటం) కావాలి. దానికి ఉత్తర దక్షిణాల వైపు కూడా ఒక మోటారు ఉండాలి. అక్కడ కదలిక కొంచెమే కాబట్టి ఇంకో వార్మ్ వీల్ దండగ. ఆ వైపు తిప్పే రెండో ఇరుసు నుంచి 229 మిల్లీమీటర్ల దూరంలో ఎం6 మరరాడ్డు (చుట్టుకి ఒక మిల్లీమీటరు జరిగేది) పెడితే ఒక చుట్టుకి పావు డిగ్రీ కదులుతుంది. రాడ్డు చివరికొస్తే వెనక్కి తిప్పుకోవాలి, అంతే ఇబ్బంది. రాడ్డు, ఇత్తడి నట్టు, ఇంకో నెమా 17 తెచ్చిపెట్టాను. వానలు పడేలోపు బిగించాలి.