పన్నెండా, తొమ్మిదా?

రామేశ్వరంలో కైట్‌సర్ఫింగ్ (పెద్ద గాలిపటం, అంటే కైట్ లాగుతుంటే పలక మీద నిలబడి నీళ్లపై జారే ఆట) ఆడి హైదరాబాద్ వచ్చి నాలుగు రోజులైనా ఆ మధ్యాహ్నం ఇంకా కళ్లముందే ఉంది. నా బరువు 75 కిలోలు. పొద్దున గాలి 15 నాట్స్ (గంటకు సుమారు 28 కి.మీ.) ఉన్నప్పుడు 12 చదరపు మీటర్ల కైట్ హాయిగా లాగింది, మధ్యాహ్నం 24 దాకా పెరిగినా ఇదే చాల్లే అని మళ్లీ దిగాను, లాగుడు తగ్గాలని చేతిలోని బార్ (కైట్‌ను నడిపే కడ్డీ) మొత్తం ముందుకు వదిలేసినా ఆగకుండా నీళ్లమీద ఈడ్చుకుపోయింది. చాలా భయమేసింది. కైట్ బలాన్ని ఒక్కసారిగా తీసేసే సేఫ్టీ లాగి బయటపడ్డాను.

గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగింతలవుతుందని చదివిందే, ఒంటికి తెలిసింది మాత్రం అప్పుడే! తర్వాత 9 చదరపు మీటర్ల కైట్ కడితే ఎంత చక్కగా మాట విందో.

చిన్నప్పుడు సంక్రాంతికి మా డాబా మీద గాలి ఎక్కువైతే బాబాయి పెద్ద పతంగి లాక్కుని చిన్నది ఇచ్చేవాడు, నేను ఏడ్చేదాన్ని. నిన్న ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నా, ఈసారి గాలి కొలవందే కైట్‌లో గాలి నింపే పంపు కూడా బయటికి తీయను.