కోడి కూసిన చోట

యెరూషలేములో సీయోను కొండ తూర్పు వాలు మీద గల్లికాంతు చర్చి ఉంది. లాటిన్‌లో ఆ పేరుకు కోడి కూత అని అర్థం. ఇప్పుడున్న కట్టడం 1931 నాటిది. పైన బంగారు రంగు కోడిపుంజు కనబడుతుంది. యేసును పట్టుకున్న రాత్రి ఆయన శిష్యుడు పేతురు ఆయన్ను ఎరుగనని మూడుసార్లు బొంకింది, కోడి కూయగానే వెక్కివెక్కి ఏడ్చింది ఇక్కడేనని నమ్మకం.

ఆవరణలో విగ్రహాలున్నాయి: పేతురు, ఆయన్ను గుర్తుపట్టిన పనిపిల్ల, ఒక సైనికుడు, స్తంభం మీద కోడి. కింద లాటిన్‌లో చెక్కిన మాటకు మాతో వచ్చిన ఫాదర్‌గారు అర్థం చెప్పారు: "అతణ్ణి నేనెరుగను." అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం అడుగు ముందుకు పడలేదు.

"అన్నయ్యా, అమ్మ గాజులు ఏమయ్యాయి?" అని చెల్లి అడిగినప్పుడు నేనన్నదీ అదే. "నాకు తెలీదమ్మా." చెల్లికివ్వమని అమ్మ పోయేముందు నా చేతిలో పెట్టిన గాజులవి. అమ్మేసుకున్నాను. ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లలో పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్లకపోలేదు. వెళ్లిన ప్రతిసారీ కోపం, ప్రార్థనలో అశ్రద్ధ అంటూ ఏవేవో చెప్పి, ఆ ఒక్కటీ మింగేసేవాణ్ణి. పెద్ద పాపాన్ని తెలిసి దాస్తే ఆ పాపసంకీర్తనం చెల్లదని చిన్నప్పుడే నేర్చుకున్నాను. తెలిసీ దాచాను.

చర్చి అడుగున రాతిలో తొలిచిన లోతైన గుంట ఉంది. ప్రభువును ఆ రాత్రి అందులోనే ఉంచారని చెబుతారు. అక్కడ నిలబడి 88వ కీర్తన చదివాం. చీకటి అన్న మాటతోనే ముగిసిపోయే కీర్తన అది. చదువుతుంటే గొంతు పూడుకుపోయింది.

పైకి రాగానే ఫాదర్‌గారిని పక్కకు పిలిచాను. కిద్రోను లోయ వైపు దిగే పాత రాతి మెట్లకు దగ్గర్లో కూర్చున్నాం. మొదలుపెట్టడమే సాకుతో మొదలుపెట్టాను.

"అప్పుడు నేను అప్పుల్లో ఉన్నాను ఫాదర్..."

"అప్పుల సంగతి తర్వాత బాబూ. గాజులు ఎవరివి?"

"చెల్లివి."

ఆ ఒక్క మాటకి ఏడేళ్లు పట్టింది. తర్వాత అంతా వచ్చేసింది: ఎప్పుడు అమ్మానో, ఎన్నిసార్లు బొంకానో, చివరికి అమ్మే అమ్ముకుందేమోనని ఎలా నమ్మించబోయానో. ఆయన మధ్యలో అడ్డురాలేదు. నా తల మీద చెయ్యి చాచి పాపవిమోచన ప్రార్థన చెప్పారు. ఆ చెయ్యి కాస్త వణికింది, పెద్దాయన. నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. "దేవుడు క్షమించాడు. ఇక చెల్లి దగ్గర చెయ్యాల్సింది చెయ్యి" అన్నారు.

ప్రభువును పట్టించిన శిష్యుడు ఇస్కరియోతు యూదా కూడా "పాపం చేశాను" అన్నాడు. ఎవరితో అన్నాడు? "అది మాకేమి" అన్న యాజకులతో. అతను ప్రభువు దగ్గరికే వెళ్లి ఉంటే అన్న ఆలోచన ఆ రాత్రంతా నన్ను వదల్లేదు.

మర్నాడు గలిలయ సరస్సు ఒడ్డున తబ్గా అనే చోటికి వెళ్లాం. ప్రభువు తిరిగి లేచాక పేతురుకు కనిపించింది ఇక్కడేనంటారు. నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ ఎరుగనన్నవాణ్ణి ప్రభువు మళ్లీ నిప్పుల దగ్గరికే పిలిచాడు. "నన్ను ప్రేమిస్తున్నావా?" అని మూడుసార్లు అడిగాడు. ఎందుకలా అన్నావని ఒక్కసారీ అడగలేదు.

నీళ్ల దగ్గర నిలబడి చెల్లికి ఫోన్ చేశాను.

"అన్నయ్యా! అక్కడ చలిగా ఉందా?"

"అమ్మ గాజుల గురించి చెప్పాలిరా నీకు."

అవతల టీవీ శబ్దం ఆగిపోయింది.

"చెప్పు" అంది.