రెండొందల మల్టీటూల్: సంక్రాంతి నుంచి సిరిమాను దాకా

గేరు సైకిల్ కొత్తగా కొన్నవాళ్ళు మా ఊళ్ళో ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతున్నారు. జేబులో పట్టే మడతల టూల్ రెండు మూడు వందలకు దొరుకుతోంది కదా, అది చాలా, లేక వెయ్యి పైన పెట్టాలా అని. నోటిమాటగా చెప్పేకంటే వాడి చూసి చెప్పడం మంచిదనిపించి, పేరూ ఊరూ లేని ఒక చవక టూల్ కొన్నాను. విజయనగరం చుట్టూ తిరుగుతూ సంక్రాంతి నుంచి దసరా వెళ్ళాక జరిగే పైడితల్లమ్మ సిరిమాను పండగ దాకా దాని గురించి అప్పుడప్పుడూ రాసుకున్నవి ఇవి. నా సైకిల్‌కి వెనక ఏడు గేర్లు, ముందూ వెనకా కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు.

సంక్రాంతి వెళ్ళాక

టూల్ కొనకముందే సైకిల్‌ని గోడకు ఆనించి, కాగితం పెన్నూ పట్టుకుని ఒక్కో బోల్టూ చూశాను. ఈ పని అందరూ చేయాలి, అరగంట కూడా పట్టదు. నాకు తేలింది ఇది: బాటిల్ స్టాండుకి 4 ఎం.ఎం. అలెన్ కీ, అంటే ఆరు పలకల కడ్డీ. హ్యాండిల్, సీటు బిగించే చోట 5. బ్రేకులు ఫ్రేమ్‌కి పట్టుకుని ఉండే బోల్టులూ 5. సీటు కింద పట్టాలను పట్టే బోల్టుకి 6. గేర్ల హద్దులు సరిచేసే బుల్లి మరలకి స్టార్ స్క్రూడ్రైవర్, అదే ప్లస్ గుర్తు మొన ఉండేది. డిస్కు రేకుని చక్రానికి బిగించే ఆరు మరలకి మాత్రం అలెన్ కీ పట్టదు, ఆరు కోణాల నక్షత్రం ఆకారపు మొన ఉండే టీ25 కీ కావాలి. పెడల్‌కి, వెనక చక్రం నట్లకి 15 పానా.

15 పానా ఎలాగూ విడిగా ఉండేదే, అంటే మడతల టూల్‌లో నాకు కావలసినవి 4, 5, 6, స్టార్, టీ25. అంతే. అట్టపెట్టె మీద ‘16 ఇన్ 1’ అని ఉన్నవాటిని తిప్పి చూస్తే, రేకుకి బెజ్జాలు పొడిచి ఒక్కో బెజ్జాన్నీ ఒక్కో పానాగా లెక్కేశారు. టీ25 లేనివీ ఉన్నాయి. డిస్క్ బ్రేకులున్న సైకిల్‌కి అలాంటిది కొనడం దండగ. నేను ఎంచుకున్నదాంట్లో కావలసిన ఐదూ ఉన్నాయి.

బావ లేత్ దగ్గర

మా బావకి లేత్ వర్క్స్ ఉంది. టూల్ తీసుకెళ్ళి చూపించాను. వెర్నియర్ పెట్టి 5 కీ కొలిచాడు, తన దగ్గరున్న మంచి కీతో పోల్చాడు. చవకది ఒక వెంట్రుకవాసి సన్నం. కొలత పక్కన పెట్టి, కీ అంచు మీద బొటనవేలి గోరు అడ్డంగా లాగాడు.

“అంచు గోరుకి తగలాలిరా. జారిపోతే ఆ కీ బోల్టుని తినేస్తుంది. కీ పోతే రెండొందలు, బోల్టు తల పోతే తలనొప్పి,” అన్నాడు.

తర్వాత ఆకురాయి తీసి, నాకు అక్కర్లేని చదును స్క్రూడ్రైవర్ మీద ఒకసారి రుద్దాడు. కరకరమని తెగి, తళతళలాడే గీత పడింది. అది మెత్తని ఇనుము. అదే ఆకురాయిని 5 కీ మీద లాగితే పట్టు దొరక్క జారింది, పైపూత మాత్రం కొంచెం గీసుకుపోయింది. ఆ కీని కాల్చి గట్టిపరిచారన్నమాట. ఒకే టూల్‌లో రెండు రకాల ఇనుము! చవకవాటిలో తేడా ఇక్కడే ఉంటుంది. మొత్తం టూల్ బాగుందా లేదా అని కాకుండా, మనకు కావలసిన ఆ నాలుగైదు ముక్కలు గట్టివేనా అని చూసుకోవాలి. ఆకురాయి లేనివాళ్ళు గోరుతోనైనా చూడొచ్చు. కీని బోల్టులో పెట్టి అటూ ఇటూ ఆడించినా తెలుస్తుంది. ఊగులాట ఎక్కువుంటే వద్దు.

శివరాత్రి ముందు, కొంచెం లెక్క

మడతల టూల్‌తో అన్నీ బిగించలేం అని పెద్దవాళ్ళు అంటుంటారు. ఎందుకో లెక్కేసి చూస్తే స్పష్టంగా అర్థమైంది. హ్యాండిల్ బోల్టులకి సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. నా టూల్‌లో కీ పొడవు 6 సెంటీమీటర్లు. ఆ పొడవుతో అంత బిగువు రావాలంటే చివర ఎనిమిదిన్నర కిలోల బరువు వేలాడదీసినంత బలం పెట్టాలి. చేత్తో హాయిగా అయ్యే పని. అదే పెడల్‌కి 35 న్యూటన్ మీటర్ల దాకా కావాలి. 6 సెంటీమీటర్ల కీతో అంటే దాదాపు 60 కిలోల బలం. అది మనిషి బరువు! కొన్ని పెడళ్ళకి అలెన్ కీ పట్టే బెజ్జం ఉంటుంది నిజమే, కానీ ఈ పొట్టి కీతో దాని జోలికి పోకూడదు. వేళ్ళు చితికినా చితుకుతాయి.

అందుకే పెడళ్ళు, క్రాంకు (పెడల్‌ని పట్టి ఉంచే చెయ్యి), చక్రాల నట్లు ఇంటి దగ్గరే పొడవాటి పానాతో, పొడవాటి ఎల్ ఆకారపు కీలతో గట్టిగా బిగించి బయల్దేరాలి. ఎడమ పెడల్‌ మర తిరగేసి, అంటే మామూలుకి ఎదురు దిశలో బిగిసేలా, ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు.

రామతీర్థం దారి

నెల్లిమర్ల దాటాక వెనక బ్రేకు డిస్కుకి రాసుకుని కిచకిచమంటోంది. పక్కన వేపచెట్టు కింద ఆపి టూల్ తీశాను. బ్రేకు బోల్టులు రెండూ అర చుట్టు వదులు చేసి, బ్రేకు లివర్‌ని గట్టిగా నొక్కి పట్టుకుంటే, బ్రేకు తనంతట తాను డిస్కుకి సరిగ్గా వచ్చి కూర్చుంటుంది. లివర్ వదలకుండా ఒకసారి పైదీ ఒకసారి కిందదీ కొంచెం కొంచెంగా బిగించాలి. పై బోల్టు సులువే. కింది బోల్టు దగ్గర టూల్ ఒళ్ళు ఫ్రేమ్‌కి తగులుకుంటుంది. పావు చుట్టు తిప్పడం, కీ బయటకి లాగడం, మళ్ళీ పెట్టడం. ఇంట్లో ఎల్ కీతో నిమిషంలో అయ్యేది ఇక్కడ చాలాసేపు పట్టింది, కానీ అయింది. కిచకిచ పోయింది, గుడి దాకా వెళ్ళి వచ్చాను. రెండొందల వస్తువు ఇలాంటి చోటే డబ్బులు గిట్టిస్తుంది.

ఇంటికొచ్చి చూస్తే టూల్ మడతలు పట్టి ఉంచే రెండు చివరి మరలు వదులయ్యాయి. ఇవి వదులైతే కీ పక్కకి వాలిపోయి బోల్టులోంచి జారుతుంది. మర గాట్ల మీద నీలం లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి బిగించాను. ఆ తర్వాత కదల్లేదు.

ఎండలు ముదిరాక

తాటిపూడి రిజర్వాయర్ వైపు వెళ్తుంటే మాతో వచ్చిన కుర్రాడి సైకిల్ చైన్ తెగింది. అతని దగ్గర మరో చవక టూల్ ఉంది, దానికి చైన్ కట్టర్ కూడా ఉంది. విరిగిన లింకు తీయడానికి తిప్పుతుంటే కట్టర్ పుల్ల వంగిపోయింది. చైన్ పిన్ను గట్టి ఉక్కు, దాన్ని తోసే పుల్ల అంతకంటే గట్టిగా ఉండాలి. చవకలో ఇది కుదరడం కష్టం. క్విక్ లింక్, అంటే చైన్ రెండు చివరలనీ కట్టర్ లేకుండానే కలిపే లింకు, జేబులో ఉంటే చాలని కొందరంటారు. కానీ విరిగిన ముక్క తీస్తే కదా క్విక్ లింక్ పెట్టేది! కాబట్టి దూరం వెళ్ళేటప్పుడు మంచి చైన్ కట్టర్ విడిగా కొనుక్కోండి, దాంతోపాటు ఒక క్విక్ లింక్. 6, 7, 8 గేర్ల చైన్లకి ఒకే రకం లింక్ సరిపోతుంది.

పంక్చర్ల సంగతి వేరు. ఇసుక నేలల్లో పల్లేరు కాయలు టైరుకి గుచ్చుకుంటే ఈ టూల్ దేనికీ పనికిరాదు. పూసపాటిరేగ వైపు పంక్చర్ షాపు పెద్దాయన నా చేతిలోది చూసి, “ఇదేటి బావూ, దీంతో టైరు ఊడుద్దేటి?” అన్నాడు. ఆయన మాట నూరుపాళ్ళూ నిజం. ట్యూబు, టైరు ఊడదీసే లివర్లు రెండు, చేతి పంపు, చక్రం నట్లకి ఆ 15 పానా, ఇవి ముందు. మల్టీటూల్ వాటి తర్వాతే.

చింతపల్లి బీచ్ తిరుగుళ్ళు

సముద్రపు గాలికి పైపూత పోయిన చోటల్లా ఎర్రగా తుప్పు పట్టింది. ముఖ్యంగా 5 కీ, బావ ఆకురాయి లాగిన దగ్గర. తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక్కో మడతలోనూ చుక్క వేసి, పాత ట్యూబు ముక్కలో చుట్టి సీటు కింద సంచిలో పెడుతున్నాను. తీరం వైపు తొక్కేవాళ్ళు ఇది నెలకోసారైనా చేయాలి.

సిరిమాను వారం

నాన్నగారి పాత సైకిల్ మీద కూడా ప్రయత్నించాను. దానికి అలెన్ బోల్టు ఒక్కటీ లేదు, అన్నీ నట్లే. రెండు చివరలా బుడిపెలుండి వాటినిండా బెజ్జాలుండే పాతకాలపు పానా ఒక్కటి ఉంటే ఆ సైకిల్ పని దాదాపు అంతా అయిపోతుంది. మామూలు సైకిల్‌వాళ్ళు మల్టీటూల్ కొనక్కర్లేదు.

గేరు సైకిల్ ఉండి, ఊరు చుట్టూ ముప్పై నలభై కిలోమీటర్లు తొక్కేవాళ్ళకి మాత్రం చవకది కొనమనే చెబుతున్నాను, కీలు గోరుతో చూసుకుని. మిగిలిన డబ్బుతో ఇంటికి మంచి ఎల్ కీల సెట్టు తీసుకోండి, బోల్టులు ఎక్కువకాలం బతికేది వాటివల్లే. ఒంటరిగా అరకు ఘాట్ లాంటి చోట్లకి వెళ్ళేవాళ్ళు ఖరీదుది కొనుక్కోవడమే నయం. అక్కడ కీ జారితే సాయం చేసే షాపు దగ్గర్లో ఉండదు.

నా టూల్‌లో ఇప్పటికి 5, 6, టీ25 అంచులు బాగానే ఉన్నాయి. 4 కీ మూలలు కొంచెం మెత్తబడ్డాయి, బాటిల్ స్టాండు బోల్టులో ఊగుతోంది. బావ దాని చివర రెండు ఎం.ఎం. కోసి చదును చేసి ఇస్తానన్నాడు, అప్పుడు పాడవని భాగం ముందుకొస్తుంది. ఈ వారం చేయించి, మళ్ళీ ఎంతకాలం ఆగుతుందో రాస్తాను.