మూడు గంటలకు నాన్న ఎక్కడికి వెళ్లాలి?

అమ్మ పోయాక నాన్నను ఒంటరిగా వదల్లేక నేనే ఆయన ఇంటికి మకాం మార్చాను. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర, 1980ల్లో ఉద్యోగులు అప్పులు చేసి ఇళ్లు కట్టుకున్న కాలనీ మాది. అప్పట్లో సాయంత్రమైతే వీధి నిండా పిల్లలమే. ఇప్పుడు మాలో చాలామంది బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్నారు. ఇళ్లలో మిగిలింది డెబ్బై దాటిన అమ్మానాన్నలు. కొన్ని ఇళ్లలో ఇద్దరిలో ఒక్కరే.

నాన్నకు పొద్దున పూట బాగానే గడుస్తుంది. పేపరు, పూజ, నాకు కూరగాయలు తరిగిపెట్టడం. భోంచేసి ఓ కునుకు తీసి లేచాకే కష్టం. మూడు నుంచి ఆరు దాకా గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని రోడ్డుకేసి చూస్తూ కూర్చునేవారు. ఓ రోజు గంటలో నాలుగుసార్లు "టైమెంతయిందమ్మా?" అని అడిగారు. మతిమరుపేమోనని నాకు ఒకటే టెన్షన్. డాక్టరు పరీక్షలు చేసి, అదేం కాదు, పలకరించేవాళ్లు లేక దిగులు పడుతున్నారు అన్నారు.

మా ఇంటికి నాలుగు సందుల అవతల కాలనీ కమ్యూనిటీ హాలు ఉంది. పైఅంతస్తు ఫంక్షన్లకు అద్దెకిస్తారు. కింద గదిలో కుర్చీలు, షామియానా సామాను పడేసి ఉండేవి. ఆ గదిని పెద్దవాళ్లకు ఇద్దామని సంక్షేమ సంఘం మీటింగులో అడిగాను. సామాను ఎక్కడ పెట్టాలన్నారు, ఖర్చెవరు పెట్టుకుంటారన్నారు. వాటికి జవాబు చెప్పగలిగాను. "గది ఇచ్చినా వాళ్లు వస్తారంటారా?" అన్న ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

అప్పటికే నేనూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ కలిసి జాబితా రాసేశాం. టీవీ, క్యారమ్ బోర్డు, పేపర్లు, పుస్తకాల బీరువా. మీటింగు నుంచి వచ్చాక ఆ కాగితం పక్కన పెట్టి, ఒక నోటు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. రెండు వారాలు పట్టింది. ముఖ్యంగా మీటింగులకు ఎప్పుడూ రానివాళ్ల ఇళ్లకు వెళ్లాం.

రెండో లేన్ బామ్మగారు మా మాట పూర్తిగా విననే లేదు. "అక్కడ బాత్రూమ్ ఉందామ్మా?" అన్నారు. "నాకు షుగరు. గంటకోసారి వెళ్లాలి. అందుకే పెళ్లిళ్లకు కూడా మానేశాను. గుడికెళ్లాలంటే పొద్దుట్నుంచి మంచినీళ్లు తాగను." ఆ మాట ఆ తర్వాత ఎన్ని ఇళ్లలో విన్నానో. బయటికి రావాలంటే దాహం చంపుకోవాలని మన ఇంటి పెద్దవాళ్లు ఎన్నేళ్లుగా సర్దుకుపోతున్నారో నాకు అప్పుడే తెలిసింది.

మోకాళ్ల నొప్పులున్న ఒక అంకుల్ హాలు దాకా ఒక్క బిగిన నడవలేనని, మధ్యలో కూర్చునే చోటు ఉండాలని అన్నారు. కుక్కల భయం ఇంకొకరికి. "మగవాళ్లు పేకముక్కలు వేసుకుని కూర్చుంటారు, మేమెక్కడ కూర్చోవాలి?" అని చాలామంది ఆడవాళ్లు అడిగారు. టీవీ కావాలని ఒక్కరూ అనలేదు. అది అందరి ఇళ్లలోనూ ఉంది.

దాంతో పని వరసే మారిపోయింది. ముందు బాత్రూమ్, తర్వాత మెట్లు, తర్వాత దారి, గది లోపలి సంగతి ఆఖర్న.

హాలున్న స్థలం లేఅవుట్‌లో వదిలిన ఖాళీ జాగా. అలాంటి చోట ఏం కట్టాలన్నా మున్సిపాలిటీ అనుమతి కావాలి. సంఘం తీర్మానం, రిజిస్ట్రేషన్ కాగితాలు, ప్లాను జతచేసి అర్జీ ఇచ్చాం. కొన్ని వారాలకు ఫైలు వెనక్కి వచ్చింది. సొసైటీల చట్టం ప్రకారం ఏటా కమిటీ సభ్యుల జాబితా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. మా సంఘం చాలా ఏళ్లుగా చేయలేదు. ఆ పాత బాకీ అంతా సరిచేసి మళ్లీ ఇచ్చేసరికి మూడు నెలలు గడిచాయి. మీరూ ఇలాంటి పని తలపెడితే అన్నిటికన్నా ముందు ఈ కాగితాలే చూసుకోండి. ఆ మూడు నెలల్లో మా నోటు పుస్తకంలో పేరున్న ఒక పెద్దాయన కాలం చేశారు.

మెట్ల దగ్గర అసలు వాదన నడిచింది. గది గడప నేల మీంచి రెండున్నర అడుగుల ఎత్తు, ఐదు మెట్లు. ర్యాంపు వేయాలంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. అంటే ముప్పై అడుగులు. "గింత పొడుగెందుకు మేడం, ఎనిమిది అడుగులు చాలు" అన్నాడు మేస్త్రి. అమ్మకు వాడిన వీల్‌చెయిర్ ఇంట్లోనే ఉంది. అది తెచ్చి, అందులో ఒక సిమెంటు బస్తా పెట్టి, అతను చెప్పిన వాలులో రెండు చెక్కలు వేసి తోయమన్నాను. సగం ఎక్కేసరికి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. బస్తా అతని మీద పడబోయింది. ఇక అతనే టేపు తీసి కొలవడం మొదలుపెట్టాడు. హాలు ముందు అంత జాగా లేదు. గోడ వెంట పదిహేను అడుగులు, మూల దగ్గర చదును, అక్కడ మలుపు తిరిగి మరో పదిహేను. రెండు వైపులా పట్టుకోవడానికి స్టీలు పైపు.

ఏప్రిల్‌లో బామ్మగారు ఆ పైపు మీద చెయ్యి వేసి చురుక్కుమని వెనక్కి తీసుకున్నారు. ఆ వైపు పడమటెండ నేరుగా కొడుతుందని మాలో ఎవరికీ తోచలేదు. పైన రేకు వేయించాం. అడుగున షాబాద్ బండలు వేస్తే వానకు జారతాయి కాబట్టి గరుకు సిమెంటే ఉంచాం. బాత్రూమ్‌లో కమోడ్, దాని పక్కన గోడకు పట్టుకునే కడ్డీలు పెట్టించాం. తలుపు బయటికి తెరుచుకోవాలని పట్టుబట్టాను. మనిషి లోపల పడిపోతే, లోపలికి తెరిచే తలుపుకు ఆ మనిషే అడ్డుపడి అది తెరుచుకోదు.

దారిలో సిమెంటు బల్లలు ముందే ఉన్నాయి. "ఫలానావారి జ్ఞాపకార్థం" అని రాసి ఉన్నవి. నాన్నను ఒకదాని మీద కూర్చోబెట్టి చూశాను. లేవడానికి రెండు అరచేతులూ మోకాళ్ల మీద నొక్కి, ముందుకు వంగి, రెండుసార్లు ప్రయత్నించి, చివరికి నా భుజం పట్టుకున్నారు. బల్లకు వీపు ఆనించే ఆధారం లేదు, చేతులు ఆనించే చోటు లేదు, ఎత్తు కూడా తక్కువ. కొత్తగా మూడు చేయించాం. పద్దెనిమిది అంగుళాల ఎత్తు, వెనక ఆనుడు, రెండు పక్కలా చేతులు. ప్రతి రెండు సందులకు ఒకటి. మొత్తం ఖర్చులో తక్కువైనది ఇదే. హాలుకు మనుషుల్ని రప్పించింది మాత్రం ఎక్కువగా ఈ బల్లలేనని నా నమ్మకం.

ఇప్పుడు గది మధ్యాహ్నం మూడింటికి తెరుస్తాం. సోమ, బుధ, శుక్రవారాల్లో ఆడవాళ్లకు మాత్రమే. ఆ రోజుల్లో లలితా సహస్రనామం అయ్యాక అష్టాచెమ్మా నడుస్తుంది, కోడళ్ల కబుర్లు నడుస్తాయి, అవసరమైతే ఏడుపూ నడుస్తుంది. అరవై అయిదు దాటినవాళ్లు వారానికి మూడు రోజులైనా ఒళ్లు తూలకుండా నిలబడే పట్టునిచ్చే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మేం కుర్చీ వీపు పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టడంతో మొదలుపెట్టాం. బీపీ మిషన్ ఒకటి పెట్టాం. మందులు అయిపోయినవాళ్లకు దగ్గర్లోని బస్తీ దవాఖానా దారి చూపిస్తాం, అక్కడ ఉచితంగా ఇస్తారు. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 గోడ మీద పెద్ద అంకెల్లో రాయించాం. కళ్లజోడు లేకుండా చదవగలుగుతున్నారా లేదా అని ఒక్కొక్కర్నీ నిలబెట్టి చూశాకే పెయింటరును పంపించాం.

ఇంకా బాకీ ఉన్న పనులున్నాయి. ఐదో లేన్ చివర వీధి దీపం వెలగడం లేదు. అందుకే ఆ లేన్ వాళ్లు ఐదున్నరకే లేచి వెళ్లిపోతారు. మంచం దిగలేనివాళ్లు ఏడుగురు ఉన్నారు. గురువారాలు ఇద్దరిద్దరం వాళ్ల ఇళ్లకు వెళ్తున్నాం, నాన్న కూడా వస్తారు. మంగళ, శని, ఆదివారాలు ఆయన హాల్లోనే. మొన్న శనివారం నేను టీ పెడుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, "టైమెంతయిందమ్మా?" అన్నారు. రెండూ యాభై అన్నాను. "నాకు టీ అక్కడే ఇస్తారులే" అంటూ చేతికర్ర అందుకున్నారు.