మా వేపచెట్టు బొడిపె

హుద్‌హుద్ తుఫాను తేదీ వైజాగ్‌లో ఎవర్నడిగినా చెప్తారు, 2014 అక్టోబర్ 12. ఆరోజే మా వీధి చివర వేపచెట్టు కూలిపోయింది. దాని మొదట్లో గుమ్మడికాయంత బొడిపె ఉండేది, చిన్నప్పుడు దానిమీద కాలేసే చెట్టెక్కేవాళ్ళం, అమ్మేమో "అది చెట్టుకి లేచిన కంతిరా, దాన్ని తొక్కకండి" అనేది. తుఫానయ్యాక కొమ్మలన్నీ ఎవరికి దొరికినవి వాళ్ళు పొయ్యిలోకి పట్టుకుపోయారు గానీ బొడిపె మాత్రం గొడ్డలికి లొంగక రోడ్డు పక్కనే మిగిలింది, నేనూ తమ్ముడూ దొర్లించుకొచ్చి మెట్లకింద పడేశాం.

ఎందుకు లొంగలేదో తర్వాత తెలిసింది. మామూలు కర్రలో పోగు నిలువుగా వెళ్తుంది, అందుకే దెబ్బకి చీలుతుంది. చెట్టుకి గాయమో, ఫంగసో, పురుగో తగిలితే కొన్నిసార్లు ఒకేచోట బోలెడు మొగ్గలు పుట్టి, బయటికి రాలేక లోపలే ఉండిపోతాయి, వాటి చుట్టూ కర్ర సుడులు తిరుగుతూ పెరుగుతుంది. కోస్తే కళ్ళు కళ్ళుగా కనిపిస్తుంది. రోల్స్‌రాయిస్ డ్యాష్‌బోర్డుల మీద మెరిసే వాల్‌నట్ కర్ర ఇలాంటి బొడిపెలోంచి పల్చగా తీసిన పొరే. కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ చెట్ల బొడిపెల్ని దొంగలు కోసుకుపోతున్నారని 2014లోనే అక్కడి పార్కులో ఒక రోడ్డుని రాత్రిళ్ళు మూసేశారట! మనం పొయ్యిలో పెట్టుకుందామనుకున్నాం.

మిల్లులో కోయిస్తుంటే మేస్త్రీ "ఏటి బాబూ ఇది, రంపం పళ్ళు పోతున్నాయి" అని విసుక్కున్నాడు. సగం ముక్కని త్వరగా ఆరుతుందని నేను డాబా మీద ఎండలో పెట్టా, అదే నా తెలివి. నాలుగోరోజు రాత్రి టప్పుమని చప్పుడు, పొద్దున చూస్తే చెయ్యి దూరేంత బీట. ఇలాంటి కర్రలో పోగు అన్నివైపులా ఉంటుంది కదా, అన్నివైపులా తేమ పోతుంది, ఒకచోట ముడుచుకుని ఇంకోచోట ముడుచుకోకపోతే పగలక ఏం చేస్తుంది? రెండో సగానికి కొవ్వొత్తులు కరిగించి చుట్టూ పూసి, మెట్లకింద నీడలోనే రెండేళ్ళు వదిలేశా. అంగుళం మందానికి ఏడాది అని ఒక మోటు లెక్కుంది.

తర్వాత లేత్ (కర్రని గిరగిరా తిప్పుతూ చెక్కే మిషను) ఉన్న ఒకాయన దాన్ని గిన్నెగా చెక్కిచ్చాడు. ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర మెత్తన, ఉలికి చక్కగా లొంగుతుంది, ఇది పూర్తి రివర్స్, పెచ్చులు లేస్తూనే ఉంది, ఆ వేపపొడికి ఇద్దరం ఒకటే దగ్గు. సాండ్ పేపర్ కొట్టి అవిసె నూనె రాయగానే కళ్ళన్నీ ఒక్కసారి తేలాయి.

అమ్మ అటూఇటూ తిప్పి చూసి "ఆ కంతేనా ఇది!" అంది. కాసేపాగి, "వేపరా, చేదెక్కుతుంది, తినేవేం వెయ్యకు" అని స్కూటీ తాళాలు అందులో పడేసింది.