ఎద్దుల బండికి గుర్రాలు కట్టారు

పడుకుందామంటే ఆ బొమ్మే కళ్లలో మెదుల్తోంది. పిల్లాడి పుస్తకంలో కింద, ఎద్దుల బండిలో అమెరికా పడమర తీరానికి వలసెళ్లిన ఎజ్రా మీకర్ పేరు, పైన 6 గుర్రాలు లాగే పెద్ద గూడుబండి. ముందు పలక మీద మొగుడూ పెళ్లాం కాళ్లూపుకుంటూ కూర్చున్నారు. ఒళ్లు మండింది.

1852లో ఎజ్రా, భార్య ఎలైజా జేన్, 2 నెలలైనా నిండని కొడుకు మారియన్ అయోవా నుంచి, పడమరకి పోయే ఓరెగాన్ దారిన బయల్దేరారు. బండికి 2 జతల ఎద్దులు, 1 జత ఆవులు, విడిగా ఇంకో ఆవు. అంత దూరం లాగాలంటే గుర్రానికి గింజలు పెట్టాలి. ఎద్దుకు దారి పక్క గడ్డి చాలు, పైగా చవక. గంటకు 2 మైళ్లు, రోజుకు 15 మైళ్లు, మొత్తం దారి దాదాపు 2,000 మైళ్లు. ఇక కూర్చోవడమంటారా? పెట్టె 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, స్ప్రింగులు లేవు. సామాను సర్దాక మనిషికి చోటెక్కడ? నడవగలిగినవాళ్లు నడవాల్సిందే.

ఆ సామాను సంగతి రాస్తే కాస్త శాంతిస్తానేమో. పెద్దవాళ్లు ఒక్కొక్కరికి 200 పౌండ్ల పిండి, 150 పౌండ్ల ఉప్పు వేసిన పందిమాంసం, 20 పౌండ్ల చక్కెర, 10 పౌండ్ల కాఫీ తీసుకెళ్లమనేవారు. మీకర్ బండిలో వెన్న చెడిపోకుండా నీళ్లన్నీ పిండేసి, రెండు పొరల గోనెల్లో పిండి పోసి, ఆ పిండి నడిమధ్య కూరారు. గుడ్లను మొక్కజొన్న పిండిలో, ఒకటికొకటి తగలకుండా పాతిపెట్టారు. అవి దగ్గర దగ్గర 500 మైళ్ల దాకా వచ్చాయి. ఎండ తగలదు, కుదుపు తగలదు, వెన్న అయిపోయినా పిండి మిగుల్తుంది. ఎంత బుర్ర పెట్టి సర్దారో చూడండి!

అసలు కష్టం చక్రాలతోనే. పొడినేల మీదికి రాగానే చెక్క ఎండి కుంచించుకుపోతుంది, ఇనప పట్టా వదులై జారిపోతుంది. రాత్రికి చక్రాలూడదీసి ఏట్లో నానబెట్టాలి. అప్పటికీ వదులుగానే ఉంటే పట్టాకీ చెక్కకీ మధ్య చెక్కముక్కలు దిగగొట్టాలి. ఇరుసుకి కందెన తగ్గిందా, ఒరిపిడికి వేడెక్కి చక్రం నడిమధ్య ఉండే కుంభం అరిగిపోతుంది. ఎద్దుకి గిట్ట చీలి ఉంటుంది కాబట్టి కాలికి 2 చొప్పున 8 నాడాలు. ఇవేవీ ఆ బొమ్మలో లేవు. 1906లో మీకర్ తోలిన బండినీ, తోలు కూరి బతికున్నట్టు నిలబెట్టిన డేవ్, డాండీ అనే ఎద్దుల్నీ వాషింగ్టన్ రాష్ట్ర చరిత్ర సంఘం భద్రపరిచింది. బొమ్మ వేసినాయన వాటినొక్కసారి చూసి ఉంటే సరిపోయేది.

ఆ 1906 యాత్ర నాకు మొదట్నుంచీ రుచించదు. 75 ఏళ్ల వయసులో, పాత బండ్ల ఇనప భాగాలు ఏరి బండి కట్టించి, వాషింగ్టన్ రాష్ట్రంలోని తన ఊరు ప్యూయాలప్ నుంచి తూర్పుకు అదే దారిలో తోలుకెళ్లాడు. ఊరూరా ఉపన్యాసాలు, ఫోటోలు, చివరికి ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్‌ను కలవడం. ప్రచారం యావ అనిపిస్తుంది. పైగా బీరులో వేసే హాప్ పూల తోటలతో కోటీశ్వరుడై, 1890ల్లో పేను పురుగు, ఆర్థిక సంక్షోభం కలిసి దెబ్బకొడితే అంతా పోగొట్టుకున్న మనిషాయె.

కానీ ఇదంతా రాస్తుంటే ఆ మాట నిలబడట్లేదు. 1854లో అతని తల్లిదండ్రులూ ఇదే దారిన బయల్దేరారు. వాళ్లకి ఎదురెళ్లడానికి ఎజ్రా కాస్కేడ్ కొండల్లో నాచెస్ కనుమ దాటి వెళ్లాడు. వెళ్లాక తెలిసింది, తల్లి ఫీబీ ప్లాట్ నది లోయలోనే పోయిందని, తమ్ముడు క్లార్క్ స్వీట్‌వాటర్ నదిలో మునిగి చనిపోయాడని. ముసలితనంలో అతను మళ్లీ తోలుకెళ్లింది ఆ రెండు నదుల పక్కనుంచే. దారి దున్నేసి పొలాలైపోతుంటే ఊరికో గుర్తురాయి వేయమని అడిగాడు. బాయిసీలో రాయికి బడిపిల్లలు చందాలిచ్చారు. రాకీ కొండల్లోని సౌత్ పాస్ కనుమలో అయితే బండరాయి మీద ‘పాత ఓరెగాన్ దారి, 1843-57’ అని చెక్కించాడు.

ఎలైజా జేన్ 1909లో పోయింది. చంకలో పసివాడితో ఆ దారంతా వండిపెట్టిన మనిషి ఆమె. రేపు పిల్లాడికి ఆమె గురించే ముందు చెప్పాలి.